పసిపిల్లల వార్డులో నర్సుగా చేరుతున్న మా పాపకు

పాపా,

నీకు పసిపిల్లల వార్డులో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తిరుపతిలో నా సర్వీసంతా దాదాపు అలాంటి వార్డుల్లోనే గడిచింది కాబట్టి మందుల గురించి నాలుగు మాటలు చెబుతాను, డ్యూటీలో చేరకముందే చదువు.

అక్కడ నువ్వు వాడే మందుల్లో చాలావాటిని పెద్దవాళ్ల మీద పరీక్షించి, పెద్దవాళ్ల కోసమే అనుమతి తెచ్చుకున్నారు. ఆ వయసుకో, ఆ డోసుకో, ఆ జబ్బుకో అనుమతి లేకుండా బిడ్డకు ఇస్తే దాన్ని ఆఫ్-లేబుల్ అంటారు. మాత్రను నూరి నీళ్లలో కలిపి మనమే మందు తయారుచేస్తే ఆ రూపానికి లైసెన్సే ఉండదు. అలాగని భయపడొద్దు, వేరే దారి లేక చేసేదే అది. ఊపిరితిత్తుల్లో బీపీ పెరిగి నీలంగా మారిన బిడ్డలు పెద్దల సిల్డెనాఫిల్ మాత్రతో తేరుకోవడం నేను కళ్లారా చూశాను.

కానీ పసిబిడ్డంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు. కాలేయం, కిడ్నీలు ఇంకా పూర్తిగా పనిలో పడి ఉండవు. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన పిల్లలు బూడిద రంగుకు తిరిగి చనిపోతున్నారని 1959లో బయటపడింది. మందు కలపడానికి వాడిన నీళ్లలోని బెంజైల్ ఆల్కహాల్ వల్ల నెలలు నిండని పిల్లలు ఊపిరాడక పోయారని 1982లో తెలిసింది. అక్కడ ప్రాణం తీసింది మందు కూడా కాదు, అది చెడిపోకుండా కలిపిన పదార్థం. అందుకే వయల్ మీద చిన్న అక్షరాలు కూడా చదువు. నరంలోకి కాల్షియం ఎక్కుతున్న బిడ్డకు సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ రాసి ఉంటే, ఎంత పెద్ద డాక్టరు రాసినా సరే, ఇవ్వకుండా ఆగి అడుగు. రెండూ కలిస్తే గడ్డకట్టి ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో పేరుకుంటుంది.

నేను భయపడ్డ రాత్రి ఒకటుంది. అప్పట్లో పనిచేసిన చోట కేస్‌షీట్‌లో .5 అని రాశారు, ముందు సున్నా లేదు, చుక్క మసకగా ఉంది, నేను 5 అనుకుని సిరంజీలోకి తీసేశాను. పక్కనున్న సిస్టర్ "అక్కా, ఈ బిడ్డ బరువెంత?" అని అడిగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పదింతలు వెళ్లేది. అప్పటినుంచి ఎంత రద్దీ ఉన్నా లెక్క ఇద్దరం విడివిడిగా వేసి చూసుకున్నాకే మందు ఇచ్చాం. నువ్వూ అలాగే చెయ్యి, ఆ రోజు బరువు పట్టే లెక్క వెయ్యి. నూరిన మాత్ర అడుక్కు దిగిపోతుంది, ప్రతిసారీ బాగా కలిపాకే తియ్యి.

బిడ్డలో ఏదైనా తేడా కనిపిస్తే డాక్టరుకు చెప్పి, మందుల దుష్ప్రభావాల ఫారం కూడా నింపించు, 1800-180-3024కు ఫోన్ చేసినా చాలు. అనుమతి లేని వాడకంలో అనుభవమే ఆధారం, అది రాసిపెట్టకపోతే తర్వాతి బిడ్డకు పనికిరాదు.

ఇక తల్లులు. పుంగనూరు, పలమనేరు నుంచి వస్తారు, సత్యవేడు వైపువాళ్లలో కొందరికి తమిళమే సులువు. ఏ మందు, ఎందుకిస్తున్నామో వాళ్ల మాటల్లోనే చెప్పు. ఇంటికి పంపేటప్పుడు పారాసిటమాల్ రాస్తే ఇంకా జాగ్రత్త: సిరప్ 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములుంటే, డ్రాప్స్ ఒక్క ఎంఎల్‌లోనే 100 ఉంటుంది. సిరప్ లెక్కన 2 ఎంఎల్ అని చెప్పి పంపితే, షాపులో డ్రాప్స్ ఇచ్చారంటే నాలుగింతలు పోతుంది. సీసా తెప్పించి చూడు, సిరంజీ ఆమె చేతికిచ్చి నీ ఎదుటే ఒకసారి నీళ్లతో తీయించు.

మీ పెద్దమ్మ