నీళ్లకు చందా అడిగేటప్పుడు మెకానిక్ రాసిన చీటీ చూపించండి

"వరదలకు మా వైపు పల్లెల్లో తాగునీళ్లు లేవు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ చందాలు ఎలా పోగుచేయాలి, ఏ సంస్థ ద్వారా పంపితే మంచిది?" అని అడిగారు. సంస్థ సంగతి తర్వాత. ముందు దేనికి అడుగుతున్నారో తేల్చుకోండి. "నీళ్ల కోసం" అంటే జనం వందో రెండొందలో వేసి ఊరుకుంటారు. "ఫలానా ఊరి బోరుకు స్టార్టరు" అంటే ఆ స్టార్టరు డబ్బు మొత్తం ఒక్కరే వేస్తారు.

2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారుజామున, అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన నీళ్లు కూడా దాని మీదే పడ్డాయి. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట పేర్లు అప్పట్లో టీవీలో వినే ఉంటారు. మా అమ్మ పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. రైలు పట్టాలు కూడా కొట్టుకుపోయాయి కాబట్టి మేం మారతహళ్లి నుంచి మదనపల్లె, రాయచోటి మీదుగా కారులో పోయాం.

మేం పోయేసరికి గుడి అరుగు మీద నీళ్ల బాటిళ్ల కట్టలు మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. మా అత్త వాటిని చూపించి, "తాగేదానికి సరే అల్లుడా, ఎనుములకు ఏం తాపేది? ఈ బురద గుడ్డలు ఏడ ఉతికేది?" అంది. ఆమె అడిగింది అక్షరాలా నిజం. విపత్తు సాయానికి వాడే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకు 15 లీటర్లన్నది కనీస లెక్క. నాలుగొందల మంది ఉన్న ఊరికి 6,000 లీటర్లు కావాలి. లీటరు బాటిల్ 20 రూపాయల చొప్పున ఒక్క రోజుకే 1,20,000 రూపాయలు! అందులో సగం డబ్బుతో ఒక మోటారు పైకి తీసి బాగుచేయించొచ్చు.

ఊరికి నీళ్లిచ్చే బోరు ఏటి గట్టునే ఉంది. రాజంపేట నుంచి మెకానిక్ వచ్చి, మూడు కాళ్ల స్టాండు వేసి, చైన్ పుల్లీతో పైపులు ఒక్కొక్కటే లాగాడు. పంపు విప్పితే నీళ్లను పైకి నెట్టే చక్రాల (ఇంపెల్లర్ల) మధ్య ఇసుక సిమెంటులా పట్టేసి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే గీత పడింది గానీ ఇసుక రాలలేదు. "కరెంటు రాంగానే ఎవురో ఆన్ చేసినారన్నా. జామై వైండింగ్ కాలిపోయింది" అన్నాడు. ఇది రాసి పెట్టుకోండి: మునిగిన బోరును మెకానిక్ చూడకుండా ఎవరూ ఆన్ చేయకూడదని ఊళ్లో మొదటి రోజే చెప్పించాలి.

అతను నోటుబుక్కులోంచి కాగితం చించి రాసిచ్చాడు. రీవైండింగ్, కేబుల్, స్టార్టరు, రెండు పైపులు, కంప్రెసర్‌తో బోరు ఫ్లషింగ్ (లోపలి బురద, ఇసుక బయటికి నెట్టడం), కూలి. ఒక్కోదాని పక్కన ధర. కాగితం మూలన గ్రీజు మరక కూడా ఉంది. నేను ఆ చీటీనే ఫొటో తీసి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. వరద ఫొటోలు ఒక్కటీ పెట్టలేదు. "కేబుల్ మాది", "ఫ్లషింగ్ మేం ముగ్గురం పంచుకుంటాం" అంటూ పడుకునేలోపే చీటీలో అన్నిటి పక్కనా ఫ్లాటు నంబర్లు పడ్డాయి. కడపతో ఏ సంబంధం లేని కన్నడవాళ్లు, మలయాళీలు కూడా ఇచ్చారు. డబ్బు లేక కాదు, అది దేనికి పోతుందో కనపడక జనం ఆగిపోతారు. ఇందులో నాకు అనుమానమే లేదు.

మోటారు తిరిగినంత మాత్రాన నీళ్లు మంచివి అయిపోవు. ఫ్లషింగ్ చేస్తే ముందు నల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి తేటగా వస్తాయి. తేటపడ్డాకే బ్లీచింగ్ పౌడర్ వేయాలి, బురద నీళ్లలో క్లోరిన్ సరిగా పనిచేయదు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పౌడర్ అన్నది మామూలు లెక్క, వరద తర్వాత ఇంకా ఎక్కువే పడుతుంది. అరగంట ఆగి, క్లోరిన్ కొలిచే కిట్‌తో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మూట విప్పి పెట్టిన పాత పౌడర్‌కు ఆ బలం ఉండదు. ఈ కిట్‌కు, కొత్త పౌడర్‌కు చందా ఇచ్చేవాళ్లు తక్కువ, ఎందుకంటే వాటి పక్కన నిలబడి ఫొటో దిగలేరు. ఓవర్‌హెడ్ ట్యాంకు కడగకముందే దాని మీద దాతల పేర్లతో ఫ్లెక్సీ కట్టినవాళ్లను చూసి నాకు ఒళ్లు మండింది. చినిగిన పాత చీరలు లారీకెత్తి పంపేవాళ్ల మీద కూడా అంతే కోపం.

"ప్రభుత్వం చేయాలి కదా" అనేవాళ్లు మీ గ్రూపులోనూ ఉంటారు. నిజమే, ఊరి నీళ్ల బోరు ప్రభుత్వ పథకమే. అందుకే మోటారు ముట్టుకునే ముందు పంచాయతీ కార్యదర్శి దగ్గర ఒప్పుకుంటున్నట్టు రాయించుకోండి. వాదన మాత్రం పెట్టుకోకండి, అంచనాలు మంజూరయ్యేలోపు ఊరు నీళ్లు తాగాలి.

ఇక సంస్థ సంగతి. పన్ను మినహాయింపు అడిగేవాళ్లను ఆదాయపన్ను చట్టంలో 80జీగా పేరుపడిన గుర్తింపు ఉన్న సంస్థకే పంపండి, నగదు అయితే 2,000 దాటితే మినహాయింపు రాదు. అమెరికాలో ఉన్నా భారత పౌరసత్వమే ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు మాత్రం మీ ఖాతాలోకి రానివ్వకండి, దానికి విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉన్న సంస్థే కావాలి.

వచ్చిన దాంట్లో మూడో వంతు ఖర్చు పెట్టకుండా ఉంచండి. చందాలన్నీ మొదటి పది రోజుల్లో వస్తాయి, పైపు జాయింట్లు రెండు మూడు నెలల తర్వాత ఊడతాయి. మాకు సంక్రాంతి దాటాక మెయిన్ లైను పగిలింది. అప్పుడు మళ్లీ అడిగితే ఎవరూ పలకలేదు, ఉంచుకున్న డబ్బే పనికొచ్చింది.

మీరు ఇవాళే ఊళ్లో నీళ్లు వదిలే అతనికి ఫోన్ చేయండి. మోటారు ఎన్ని హెచ్‌పీ, బోరు ఎన్ని అడుగులు, ట్యాంకు ఎన్ని లీటర్లు, ఇవి కనుక్కుని కింద రాయండి. రాజంపేట మెకానిక్ నంబరు నా దగ్గర ఉంది, అతన్ని అడిగి మీకు పంపిస్తాను.