లడ్లో వెళ్ళబోయే అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో నీ సంగతులన్నీ చెప్పింది. తానూ మీ నాన్నగారూ బర్మింగ్‌హామ్ చేరిన వారంలోపే నువ్వు వాళ్ళను లడ్లో కోటకు తీసుకువెళ్తావని విని నాకు కళ్ళు చెమర్చాయి. గండికోటలో ధాన్యాగారం దాటి పెన్న లోయ అంచుకు పరిగెత్తబోతే నీ చొక్కా పట్టుకుని వెనక్కి లాగినదాన్ని నేను. ఆ పిల్లవాడు ఈనాడు ఇంగ్లండులో కన్నవాళ్ళకు దారి చూపిస్తూ కోట చూపించే వాడయ్యాడంటే ఆ గర్వం ఎవరితో చెప్పుకోను? కానీ మీ అమ్మ మరో మాట కూడా అంది. ఉదయం ష్రూస్‌బరీ, మధ్యాహ్నం రెండు గంటలు లడ్లో, అక్కడి నుంచి హెరిఫర్డ్, రాత్రికి ఇల్లు అని నువ్వు ఏర్పాటు చేశావట. ఆ మాట విన్న దగ్గర నుంచి మనసు మనసులో లేదు. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందుగా నీకు తెలిసిన విషయాలే ఒక్కసారి చెప్పి ముగిస్తాను. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చి ష్రూస్‌బరీలో రైలు మారితే అక్కడి నుంచి లడ్లోకు అరగంట ప్రయాణం. స్టేషను నుంచి ఊరి నడిబొడ్డుకు నడక కొద్దిగానే గాని ఎత్తు ఎక్కాలి, కనుక మీ అమ్మను తొందరపెట్టవద్దు. ఆదివారం రైళ్ళు పలుచగా ఉంటాయి, అంగడి ఉండే శుక్రవారమో శనివారమో పెట్టుకో. కోట తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ముందు రోజు చూసుకో. మీ నాన్నగారి షుగర్ మాత్రలు నీ సంచిలోనే ఉండాలి, భోజనం ఒంటిగంట దాటకూడదు. అక్కడ ఎండ చూసి మోసపోకుండా ముగ్గురూ వానకోట్లు పెట్టుకోండి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది కోట మెట్ల గురించి.

మేము వెళ్ళినప్పుడు మీ అన్నయ్య కవెంట్రీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ రోజు కార్యక్రమమంతా మీ పెదనాన్నగారే వేశారు. కె.సి. (కర్నూలు-కడప) కాలువ మీద లస్కర్లను, అంటే కాలువ కాపలా పనివాళ్ళను, పరుగులు పెట్టించి, నీటి విడుదలను గంటల లెక్కన నడిపించిన మనిషి కదా, ఇంగ్లండు కూడా అలాగే నడుస్తుందనుకున్నారు. రోజుకు మూడు ఊళ్ళు, ఊరికి రెండు గంటలు. లడ్లోలో దిగేసరికే గడియారం చూడడం మొదలుపెట్టారు. ఉదయం కురిసిన వాన అప్పుడే వెలిసింది. కాళ్ళకు మీ అక్క పెళ్ళికి కొన్న తోలు బూట్లు, అడుగు నున్నగా అద్దంలా ఉండేవి. వేరే బూట్లు వేసుకోండని మీ అన్నయ్య చెప్పినా వినలేదు.

అక్కడి పెద్ద బురుజు నార్మన్ల కాలంలో కోట లోపలి వాకిలిగా మొదలై తరువాత బురుజుగా మారింది. దాని లోపల రాతి మెట్లు ఒక స్తంభం చుట్టూ మెలి తిరుగుతూ పైకి పోతాయి. ప్రతి మెట్టూ గోడ వైపు వెడల్పుగా ఉండి, స్తంభం వైపు సన్నబడుతూ చివరికి నాలుగు వేళ్ళంత అయిపోతుంది. శతాబ్దాలుగా తొక్కగా తొక్కగా మెట్ల నడుమ రాయి గుంట పడింది. గోడలోని సన్నని కిటికీల గుండా పడిన వాన ఆ గుంటల్లో నిలుస్తుంది. పైకెక్కేటప్పుడు ఇవేవీ తెలియవు. పై నుంచి టీమ్ నదిని, అవతలి గట్టు అడవిని, పడమర వేల్స్ వైపు కొండలను చూసి మీ పెదనాన్నగారు ఆనందపడ్డారు. అంతలోనే రైలుకు ఇక నలభై నిమిషాలే ఉందంటూ దిగడం మొదలుపెట్టారు. మెడలో కెమెరా, ఒక చేతిలో గొడుగు. నేను గోడ పట్టుకుని నాలుగు మెట్లు వెనక ఉన్నాను.

సగం దిగేసరికి కింది నుంచి ఒక తండ్రి చిన్నపిల్లను ఎత్తుకుని పైకి వస్తున్నాడు. మర్యాదగల మనిషి కదా, మీ పెదనాన్నగారు వాళ్ళకు దారి ఇవ్వడానికి స్తంభం వైపు ఒదిగారు. అంటే మెట్టు నాలుగు వేళ్ళు మాత్రమే ఉన్న చోటికి, తడి రాతి మీదకు, నున్నటి బూటుతో జరిగారన్నమాట. కాలు జారింది. ఐదారు మెట్లు కూర్చున్నట్టుగానే కిందికి పోయారు. తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టగా మణికట్టు విరిగింది. ఆ ఎముక విరిగిన చప్పుడు నాకు నాలుగు మెట్ల పైకి వినిపించింది.

ఆయనను మెల్లగా బయటికి తీసుకువచ్చాము. కోట గుమ్మం ఎదుటే అంగడి కాబట్టి జున్ను అమ్మే ఒక ఆవిడ మమ్మల్ని చూసి, బేరం మధ్యలో వదిలేసి తన కుర్చీ తెచ్చి వేసింది. పాత్రలు తుడిచే గుడ్డను మూలగా మడిచి ఆయన చెయ్యి మెడకు కట్టింది, పంచదార ఎక్కువ వేసిన టీ చేతికిచ్చింది. మీ పెదనాన్నగారి ముఖం పాలిపోయి ఉంది, అయినా ఆయన నాతో అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? “నువ్వు వెళ్ళి ఆ గుండ్రటి గుడి చూసి రా, నేను ఇక్కడే కూర్చుంటాను” అన్నారు. ఏళ్ళ తరబడి నేను పిల్లలకు పాఠంగా చెప్పిన, కోటలోని ఆ గుండ్రటి ప్రార్థనాలయం కోసమే అంత దూరం వచ్చానని ఆయనకు తెలుసు. నేను వెళ్ళలేదు. మీ అన్నయ్య టాక్సీ పిలిచాడు, ఆ సాయంత్రమంతా ఆసుపత్రిలో గడిచింది. ఇప్పటికీ ముసురు పట్టినప్పుడు ఆయన ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని కూర్చుంటారు. అలా చూసినప్పుడల్లా నాకు ఆ మెట్లే గుర్తుకొస్తాయి.

కాబట్టి నాన్నా, ఇది కోపంతో చెబుతున్నాననుకున్నా సరే, బుద్ధిగా విను. మీ నాన్నగారికి గరుకు అడుగు ఉన్న బూట్లు కొన్న తరువాతే ఆయనను మెట్ల దగ్గరకు తీసుకువెళ్ళు. దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కింది నుంచి ఎవరైనా వస్తున్న అలికిడి వింటే పైనే ఆగిపోవాలి. మధ్యలో ఎదురుపడితే మెట్టు వెడల్పుగా ఉన్న గోడ వైపే కదలకుండా నిలబడాలి, మర్యాద కోసం సన్నని వైపు జరగకూడదు. నువ్వు ఆయన కంటే రెండు మెట్లు ముందుండి దిగు. మోకాళ్ళ నొప్పితో మీ అమ్మ అసలు ఎక్కనే కూడదు. ఎక్కుతానని పట్టుబడుతుంది, చిన్నప్పటి నుంచీ దాని పట్టుదల నాకు తెలుసు. అక్కయ్య వద్దన్నదని చెప్పు. సెయింట్ లారెన్స్ చర్చి గోపురానికి కూడా ఇదే మాట. అది 135 అడుగుల ఎత్తు, దాదాపు 200 మెట్లు, నీకు ఒక్కడికే ఎక్కాలనిపిస్తే వాళ్ళను కింద కూర్చోబెట్టి ఎక్కు.

మీ అమ్మ ఎక్కలేనని బాధపడకుండా చూసే ఉపాయం కూడా చెబుతాను. ఆ కోటలోని అతి గొప్ప విషయం నేల మీదే ఉంది. పెద్ద ఆవరణ దాటి, కందకం మీది వంతెన మీదుగా లోపలి ఆవరణలోకి అడుగుపెట్టగానే పచ్చగడ్డి మధ్య ఒంటరిగా నిలిచిన గుండ్రటి రాతి కట్టడం కనిపిస్తుంది. అదే మేరీ మాగ్డలీన్ ప్రార్థనాలయం, 12వ శతాబ్దపు మొదటి భాగంలో కట్టినది. ఇంగ్లండులో ఇలా గుండ్రంగా కట్టిన పాత చర్చిలు బహు కొద్ది. పైకప్పు లేదు, తల ఎత్తితే ఆకాశమే. గుమ్మం కమాను మీద వంకర గీతల చెక్కడం, లోపల గోడ పొడుగునా చిన్న కమానుల వరుస ఉంటాయి. మరోసారి వెళ్ళినప్పుడు మీ పెదనాన్నగారూ నేనూ ఆ కమానుల కింద చాలాసేపు కూర్చున్నాము, ఆయన ఆ రోజు గడియారం ఇంట్లోనే వదిలి వచ్చారు. మీ అమ్మను అక్కడే కూర్చోబెట్టి ఈ కథ చెప్పు.

11వ శతాబ్దం చివర డి లేసీ వంశం వారు వేల్స్ సరిహద్దును కాపలా కాయడానికి ఈ కోట మొదలుపెట్టారు. తరువాత ఇది మోర్టిమర్ వంశానికి, ఆ పైన యార్క్ వంశానికి చేరింది. ఆ వంశపు రాజు నాలుగో ఎడ్వర్డ్ తన పెద్దకొడుకును పసితనంలోనే ఇక్కడికి పంపి, వేల్స్ సరిహద్దు పాలనా మండలిని అతని పేరుతో నడిపించాడు. 1483లో తండ్రి చనిపోగా రాజు కావడానికి ఈ కోట నుంచే బయలుదేరిన ఆ 12 ఏళ్ళ పిల్లవాడు లండన్ టవర్‌లో తమ్ముడితో పాటు కనిపించకుండా పోయాడు. ఆ తరువాత ఏడవ హెన్రీ పెద్దకొడుకు ఆర్థర్, కొత్త పెళ్ళికూతురు ఆరగాన్ కేథరిన్‌తో కలిసి ఇక్కడ కాపురం పెట్టి, పెళ్ళయిన ఐదు నెలలకే, 1502 ఏప్రిల్ 2న, పదిహేనేళ్ళ వయసులో జబ్బుపడి చనిపోయాడు. శవాన్ని వూస్టర్‌కు తీసుకువెళ్ళే రోజున గాలివాన కురిసి, బురదలో బండి కదలక, గుర్రాలకు బదులు ఎద్దులను కట్టవలసి వచ్చిందని ఆనాటి రాతలో ఉంది. ఒక యువరాజు అంతిమయాత్రలో ఎద్దులు బురదలో బండి లాగిన ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు చరిత్ర పక్కింట్లో జరిగినట్టుంటుంది. కేథరిన్ ఆ తరువాత మరిది ఎనిమిదో హెన్రీని పెళ్ళాడింది. ఆ పెళ్ళి చెల్లదని అతను తగువు లేవనెత్తినప్పుడు, లడ్లోలో ఆర్థర్‌తో ఆమె కాపురం ఎలా సాగిందన్నదే వాదానికి మూలమైంది, చివరికి ఇంగ్లండు చర్చి రోమ్ నుంచి విడిపోయింది.

మన కడపవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. 1689లో ఆ పాలనా మండలిని రద్దు చేశాక కోట పాడుపడింది, పైకప్పుల సీసం కూడా ఊడదీశారు. 1811లో దాన్ని ప్రభుత్వం నుంచి కొన్న పోవిస్ ప్రభువు మరెవరో కాదు, రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. అతను 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరు. 1800లో నిజాం మన కడప, బళ్ళారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారపోసినప్పుడు, మన్రో దొర ఇక్కడికి కలెక్టరుగా వచ్చినప్పుడు మద్రాసు కోటలో గవర్నరుగా ఉన్నది అతనే. మన తాతముత్తాతలు శిస్తు కట్టిన ఆ పాలనకు పెద్దగా ఉన్న మనిషి, ఇంటికి వెళ్ళి కొనుక్కున్న కోటలో నువ్వు నిలబడబోతున్నావు. నేటికీ కోట ఆ కుటుంబపు ఎస్టేటు చేతుల్లోనే ఉంది. మీ నాన్నగారికి ఈ సంగతి పెద్ద బురుజు నీడలో నిలబెట్టి చెప్పు, ఆయన ముఖం ఎలా మారుతుందో నాకు రాసి పంపు.

కోట చూశాక అంగడిలో తీరిగ్గా తిరగండి. ఒకప్పుడు ఆ అంగడి కోట గుమ్మం నుంచి ఊరి అవతలి కొస బుల్ రింగ్ దాకా ఒకే వెడల్పాటి వీధిగా ఉండేది. నడుమ వేసిన తాత్కాలిక దుకాణాలు కాలక్రమాన ఇళ్ళుగా స్థిరపడడంతో ఆ వీధి సన్నని సందులుగా చీలిపోయింది. మన ఊళ్ళో తేరు వీధిలో బండ్లు అరుగులై, అరుగులు కొట్లయిన సంగతి చూసినవాళ్ళకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ సందుల్లోంచి చర్చిలోకి వెళ్ళి గాయకుల ఆసనాలను వెతుకు. మడిచే ఆ బల్లల అడుగున 15వ శతాబ్దపు కొయ్య చెక్కడాలు 28 ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద తప్పుడు కొలతతో బీరు అమ్మిన ఆడమనిషిని, ఆమె చేతిలోని కూజాతో సహా, ఒక దయ్యం భుజాన వేసుకుని నరకానికి మోసుకుపోతుంటుంది. అంగడి ఊరివాళ్ళు దేవుడి ఇంట్లో ఏ పాపాన్ని చెక్కించుకున్నారో వంగి చూడండి, మీ అమ్మను మాత్రం వంగనివ్వవద్దు, ఫోనులో ఫొటో తీసి చూపించు.

ఓపిక ఉంటే బ్రాడ్ స్ట్రీట్ దిగండి, పాత ఊరి గోడకు ఉండిన ఏడు ద్వారాలలో మిగిలిన ఒక్కటీ ఆ వీధి కిందనే ఉంది. తిరిగి ఎక్కలేమనిపిస్తే దిగకండి. డినమ్ వంతెన దాటి విట్‌క్లిఫ్ గట్టు మీద బల్లల దగ్గరకు చేరగలిగితే కోట మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, మీ అమ్మ కట్టుకొచ్చే పులిహోర అక్కడ తినండి.

హెరిఫర్డ్ సంగతి ఆ రోజుకు మరిచిపో. వెల్ష్‌పూల్ దగ్గర పోవిస్ కోటలో టిప్పు సుల్తాన్ గుడారం ఉంది, క్లైవ్ కుటుంబం తెచ్చుకున్న మన దేశపు వస్తువులెన్నో ఉన్నాయి. ఈ ఉత్తరం చదవగానే అది కూడా అదే రోజు చూపించాలని నీకు తోస్తుందని నాకు తెలుసు. దానికి వేరే రోజు పెట్టు. సాయంత్రం రైలు తప్పిపోతే తప్పిపోనీ, తరువాతి రైలు ఉంటుంది, మెట్ల మీద ఉండగా మాత్రం రైలు గురించి ఆలోచించవద్దు. టికెట్లు తీసుకున్నాక వెళ్ళే వేళ, వచ్చే వేళ నాకు రాసి పంపు, మీ నాన్నగారికి కొన్న బూట్ల అడుగు కనిపించేలా ఒక ఫొటో కూడా పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ