ముత్తాతగారి కథలో ముత్తాతగారే ఉండాలి

ప్రశ్న: మావారు అమెరికన్. ఆయన ముత్తాతగారు ఓక్లహోమా పశ్చిమ ప్రాంతంలో గోధుమ పండించిన చిన్న రైతు. మహామాంద్యం రోజుల్లో భూమి పోయి, కుటుంబంతో కాలిఫోర్నియా చేరారని మా అత్తగారు చెబుతారు. ముత్తాతగారు పెన్సిల్‌తో రాసుకున్న పద్దుల పుస్తకం, కొన్ని ఫొటోలు, ఆయన కూతురి మాటలున్న రెండు క్యాసెట్లు మా దగ్గర ఉన్నాయి. పిల్లల కోసం ఆయన జీవితకథ రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? తెలియనిచోట చరిత్ర పుస్తకాల్లోంచి తీసుకుని నింపవచ్చా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ముందుగా క్యాసెట్ల సంగతి చూడండి. మిగిలినవి కొంతకాలం ఆగుతాయి కానీ పాత టేపు ఆగదు. క్యాసెట్ వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచేస్తే పొరపాటున కూడా దానిమీద మరొకటి రికార్డు కాదు. ఆ తర్వాత, ఇంట్లోని పాత ప్లేయర్‌లో పెట్టి వినాలన్న ఆత్రాన్ని అణచుకుని, ఈ పని తెలిసినవారి చేత డబ్ల్యూఏవీ ఫైలుగా (కంప్యూటర్లో భద్రపరిచే శబ్దపు ఫైలుగా) మార్పించండి. ముత్తాతగారి కూతురి మాటలను ఎత్తిరాసేటప్పుడు వ్యాకరణం దిద్దకండి, ఆగినచోట ఆగినట్టే రాయండి.

పద్దుల పుస్తకానికి లామినేషన్ చేయించవద్దు, కుట్టు విప్పవద్దు. ఖాళీ పేజీలతో సహా ప్రతి పేజీనీ వరుస తప్పకుండా ఫొటో తీసి, అసలు ప్రతిని ఆమ్లరహిత కాగితంలో చుట్టి, అటక మీదా నేలమాళిగలోనూ కాకుండా చల్లని, పొడిగా ఉండే గదిలో ఉంచండి. ఫొటోల వెనుక పేర్లు రాయవలసివస్తే మెత్తని పెన్సిల్‌తో, అంచు దగ్గర, ఒత్తిపెట్టకుండా రాయండి.

ఇక నింపే విషయం. నా అభిప్రాయంలో చరిత్ర పుస్తకం ఆయన చుట్టూ ఉన్న లోకాన్ని వివరించడానికి పనికివస్తుంది గానీ, ఆయన జీవితంలోని ఖాళీలను పూడ్చడానికి పనికిరాదు. 1935 ఏప్రిల్ 14న, నల్ల ఆదివారం అని పేరుపడిన ఆ రోజున, ధూళి తుఫాను ఓక్లహోమా పశ్చిమపు కొసను కమ్మేసిన మాట నిజమే. ఆ రోజు ఆయన అక్కడ ఉన్నారని మీకు తెలియకపోతే ఆయనను ఆ ధూళిలో నిలబెట్టే హక్కు మనకు లేదు. కాలిఫోర్నియా వెళ్ళినవారందరూ ధూళి వల్లే వెళ్ళలేదు. తూర్పు కౌంటీల పత్తి కౌలుదార్లలో ఎందరినో, సాగు తగ్గిస్తే ప్రభుత్వం డబ్బిచ్చే 1933 వ్యవసాయ చట్టం కింద సాగు తగ్గించిన భూయజమానులూ, ట్రాక్టర్లూ కలిసి పొలాల నుంచి పంపించేశాయి. కాబట్టి "భూమి పోయింది" అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. తాకట్టు కింద బ్యాంకు జప్తు చేసిందా, పన్ను బకాయికి వేలం వేశారా, అయినకాడికి అమ్ముకున్నారా, లేక అది మొదటినుంచీ కౌలు భూమేనా? ఇల్లు సొంతమా అద్దెదా అన్నది 1930 జనాభా లెక్కల్లో ఉంటుంది. దస్తావేజులు, తాకట్టు పత్రాలు ఆ కౌంటీ క్లర్కు కార్యాలయంలో వెతకాలి.

1940 జనాభా లెక్కలు మీకు మరింత ఉపయోగపడతాయి. 2012లో బహిరంగపరచిన ఆ లెక్కల్లో, 1935 ఏప్రిల్ 1న ఎక్కడ నివసించారన్న ప్రశ్న ఒకటి ఉంది. ఆ గడిలో ఓక్లహోమా కౌంటీ పేరు కనిపిస్తే, కుటుంబం ఆ తేదీ తర్వాతే బయలుదేరిందని అర్థం. అది నల్ల ఆదివారానికి సరిగ్గా 13 రోజుల ముందటి తేదీ. ఒకరి పేరు పక్కన సున్నా చుట్టిన గుణకారం గుర్తు ఉంటే, వివరాలు చెప్పింది ఆ మనిషే. 1939 వేతనాల గడిలో సున్నా కనిపిస్తే ఏమీ సంపాదించలేదనుకోకండి, సొంత సేద్యం చేసేవారి పంట డబ్బు వేతనం కిందికి రాదు. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ వృద్ధాప్య పింఛను పథకం) కాగితాలు ఆ దశకంలో దొరకకపోయినా ఆశ్చర్యం లేదు, 1935 చట్టం పొలం పనివారిని వదిలేసింది.

ఫొటోల విషయంలో ఒక హెచ్చరిక. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆనాటి ప్రభుత్వ ఛాయాచిత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. 1936లో ఆర్థర్ రోత్‌స్టీన్ ఓక్లహోమాలోని సిమరాన్ కౌంటీలో తీసిన, ధూళిలో ఇద్దరు కొడుకులతో నడుస్తున్న రైతు బొమ్మ మీరు చూసే ఉంటారు. వాడుకోండి, కానీ అది ఎవరి బొమ్మో కింద రాయండి. లేకపోతే మరో తరానికల్లా ఆ రైతే మీ ముత్తాతగారైపోతారు!

ఆ రోజులు ఎలా ఉండేవని అడిగితే అత్తగారు కూడా అందరూ చెప్పేదే చెబుతారు. దానికి బదులు పద్దుల పుస్తకంలో ఒక పేజీ ఆవిడ ముందు పెట్టి, ఈ పేరు ఎవరిది, ఈ కిరోసిన్ ఎన్నాళ్ళు వచ్చేది, కోడిగుడ్లు, వెన్న అమ్మిన డబ్బు ఎవరి చేతిలో ఉండేది అని అడగండి. గుడ్ల సొమ్ముతోనే కిరాణా వెళ్ళిన ఇళ్ళు ఎన్నో ఉండేవి, ఆ పద్దు నిజానికి ముత్తవ్వగారి కథ కావచ్చు. క్యాసెట్‌లో ఒక మాట, అత్తగారి నోట మరో మాట వస్తే రెండూ రాసి, ఏది ఎవరిదో చెప్పండి.

పద్దుల్లో ఇరుగుపొరుగుల అప్పులు కూడా ఉండవచ్చు. కుటుంబం దాటి బయటికి ఇచ్చే ప్రతిలో, ఆ కౌంటీ చారిత్రక సంఘానికి ఇచ్చేదైనా సరే, అలాంటి పేర్లను ఉంచాలా వద్దా అన్నది అత్తగారితో కూర్చుని ముందే తేల్చుకోండి.