బిల్లు అన్నయ్యది, తీగ మింగింది మావారు: కేసు వేయొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఓ హోటల్లో చికెన్ బిర్యానీ తింటుంటే మావారి గొంతులో ఏదో గుచ్చుకుంది. మర్నాటికి మింగుడు పడలేదు. ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలోంచి గిన్నెలు తోమే స్టీలు పీచు తీగ తీశారు. ఇన్‌ఫెక్షన్‌తో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. హోటల్ వాళ్లు పదివేలిచ్చి సంతకం పెట్టమంటున్నారు. బిల్లు కట్టింది మా అన్నయ్య కాబట్టి మాకు హక్కే లేదంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజం కాదమ్మా. డబ్బు ఒకరు కట్టి, వారి సమ్మతితో ఇంకొకరు తిన్నా, తిన్నవారూ వినియోగదారే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఆ మాట ఉంది. ఆ పదివేల కాగితం మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టకండి. 'ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు' అనే ముక్క అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

'ఆ తీగ మీ ఇంటి పీచుదేమో' అని హోటల్ లాయరు తప్పకుండా అంటాడు. అందుకే ఆసుపత్రివాళ్లు దాన్ని పారేయకముందే, పేరూ తేదీ రాసి, సీలు వేసి ఇమ్మని అడగండి. తీగ పొడవెంత, ఎక్కడ గుచ్చుకుంది అన్నవి ఎండోస్కోపీ రిపోర్టులో ఉన్నాయో లేదో చూసుకోండి. అంతకన్నా ముఖ్యం ఆసుపత్రి కేసు షీటు మొదటి పేజీ. క్యాజువాల్టీ హడావుడిలో 'చేప ముల్లు అనుమానం' అని గీకేస్తుంటారు. అలా ఉంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే హోటల్ లాయరు ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, ఆ ఒక్క ముక్క పట్టుకుని మీవారిని గంటసేపు నిలబెడతారు. డాక్టరు దగ్గర వివరణ రాయించుకోండి. రాసిచ్చి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అన్నయ్య యూపీఐ చెల్లింపు, ఆ రోజు మీతో కూర్చుని తిన్నవాళ్ల అఫిడవిట్లు జతచేయండి.

(ఇరుక్కున్నది కోడి ఎముకైతే నేనింత ధీమాగా చెప్పేవాణ్ని కాదు. చికెన్‌లో ఎముక ఉంటుందని తినేవాళ్లకు తెలుసు.)

హైదరాబాద్ తిరగక్కర్లేదు, మీరుండే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఫీజు లెక్క మీరడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన బిల్లును బట్టి. అది 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ఆహార భద్రత అధికారికీ ఫిర్యాదు ఇవ్వండి. హోటల్ బిల్లు మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటుంది. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 54 కింద లక్ష వరకు జరిమానా పడొచ్చు, కానీ అది సర్కారుకు పోతుంది. మీకు పనికొచ్చేది సెక్షన్ 65: తీవ్ర గాయమైతే 3 లక్షల వరకు, మామూలు గాయమైతే లక్ష వరకు పరిహారం.

ఈలోగా మీవారికి జ్వరం తిరగబెట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా కాగితాల పని ఆపి ఆసుపత్రికి పరుగెత్తండి. ఆ బిల్లులూ దాచండి.