యెన్ పెరుగుతుందని లోన్ తీసుకుని ఆంప్లిఫయర్ కొనాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ప్రైవేటు ఉద్యోగం, నెలకి 62 వేలు చేతికొస్తుంది. పాత ఆడియో సామానంటే నాకు పిచ్చి. జపాన్‌లో ఒక సెకండ్ హ్యాండ్ లక్స్‌మన్ కంపెనీ ఆంప్లిఫయర్ 1,60,000 యెన్లకి కనబడింది. యెన్ ఇంకా పెరుగుతుందంటున్నారు, పర్సనల్ లోన్ తీసుకుని ఇప్పుడే కొనేయాలా, ఆగాలా? ఇంకొకటి, రేడియో మెకానిక్‌గా పనిచేసిన మా మామయ్య పోయాక ఆయన షాపులో మిగిలిన భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు ట్యూబులు) ఒక పెట్టెడు నా దగ్గరున్నాయి. అమెరికా నుంచి ఒకాయన 500 డాలర్లు ఇస్తానంటున్నాడు. డాలర్ వంద రూపాయలయ్యేదాకా ఆపితే మంచిదా? రూపాయి ఎలాగూ పడుతూనే ఉంటుంది కాబట్టి ఎఫ్‌డీ కంటే ఇలాంటి సామాను కొనిపెట్టుకోవడమే మేలని నా స్నేహితుడు అంటాడు. నిజమేనా?

జవాబు: లోన్ వద్దండి. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

లక్షన్నర పర్సనల్ లోన్, 14 శాతం వడ్డీకి రెండేళ్లకి తీసుకున్నారనుకుందాం. నెలకి 7,200 దాకా ఈఎంఐ, మొత్తం మీద వడ్డీ దాదాపు 23 వేలు. అదే మీరు నెలకి 8,000 చొప్పున బ్యాంకులో ఆర్‌డీ కడితే, ఆరున్నర శాతం వడ్డీ వేసుకున్నా, ఏడాదిన్నరకి లక్షా యాభై ఒక్క వేలు చేతిలో ఉంటాయి. అంటే లోన్ తీసుకున్నందుకు మీకు ఏమైనా కలిసి రావాలంటే ఈలోగా యెన్ కనీసం 15 శాతం పెరగాలి. అంతకంటే తక్కువ పెరిగితే నష్టం, పెరగకపోతే పూర్తి నష్టం, తగ్గిందంటే వడ్డీ కడుతూ ఆ రేటు చూసి బాధపడాలి.

ఇప్పుడు అసలు ఖర్చెంతో చూద్దాం, ఎందుకంటే మీరు 1,60,000 యెన్లు అన్నప్పుడు మీ మనసులో ఉన్నది ఆ ఒక్క అంకే. లెక్క కోసం 100 యెన్లు 58 రూపాయలనుకోండి. ఆంప్లిఫయర్‌కి 92,800. ఇరవై కేజీల ఇనుము, రాగి విమానంలో రావాలి కాబట్టి ప్యాకింగ్, రవాణా, అక్కడ కొనిపెట్టే ఏజెంటు ఫీజు కలిపి 35,000 యెన్లు, అంటే ఇంకో 20,300. ఇక్కడికి 1,13,100 అయింది. కస్టమ్స్ సుంకం వస్తువు ధర ఒక్కదాని మీదే వేయరు, రవాణా, ఇన్సూరెన్సు కలిపిన మొత్తం మీద వేస్తారు, ఆ సుంకం కూడా కలుపుకుని దాని మీద జీఎస్టీ వేస్తారు. ఈ శాతాలు బడ్జెట్ బడ్జెట్‌కీ మారుతుంటాయి కాబట్టి కొనే రోజు కొరియర్ వాళ్లనే అడగండి. ప్రస్తుతానికి అన్నీ కలిపి 30 శాతం వేసుకున్నా 33,930. ఇక మీ క్రెడిట్ కార్డు. విదేశీ కరెన్సీలో కడితే చాలా కార్డులు మూడున్నర శాతం దాకా మార్కప్, అంటే అదనపు ఛార్జీ, తీసుకుంటాయి, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అది దాదాపు 4,670. అంతా కలిపితే లక్షా యాభై ఒక్క వేల ఏడొందలు. 92 వేల వస్తువు మీ గుమ్మంలోకి వచ్చేసరికి లక్షన్నర దాటింది, ఇందులో రేటు పెరగడం వల్ల అయిన ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు.

యెన్ 5 శాతం పెరిగితే ఏమవుతుంది? ఈ మొత్తమంతా 5 శాతం పెరుగుతుంది, ఎందుకంటే సుంకం, మార్కప్ అన్నీ దాని మీదే కడుతున్నారు. ఏడున్నర వేలు. చిన్న డబ్బు కాదు, ఒప్పుకుంటాను. కానీ కార్డు మార్కప్ లేనిది చూసుకుంటే ఇందులో 4,670 అక్కడే మిగులుతుంది, యెన్ ఎటు పోయినా సరే. కొన్ని బ్యాంకులు మార్కప్ లేని కార్డులు ఇస్తున్నాయి, ముందు దాని కోసం వెతకండి. కట్టేటప్పుడు స్క్రీన్ మీద రూపాయల్లో కడతారా, యెన్లలో కడతారా అని అడిగితే యెన్లే ఎంచుకోండి. రూపాయలు నొక్కితే మన డబ్బులో కనబడుతుంది కదా అని మనసుకి హాయిగా ఉంటుంది కానీ వాళ్లిచ్చే రేటు దాదాపు ఎప్పుడూ నాసిగానే ఉంటుంది. వస్తువు తిప్పి పంపాల్సి వస్తే రిఫండ్ ఆ రోజు రేటుకి వస్తుంది, కట్టిన మార్కప్ మామూలుగా వెనక్కి రాదు. ఇది కూడా గుర్తుంచుకోండి.

యెన్ పెరుగుతుందని అందరూ అంటున్నారని రాశారు. 2024 జులై ఒక్కసారి చూడండి. ఆ నెల మొదట్లో డాలర్‌కి 161 యెన్లు దాటాయి, 1986 తర్వాత అప్పటిదాకా యెన్ అంతగా ఎప్పుడూ పడిపోలేదు. మన డబ్బులో 100 యెన్లు 52 రూపాయల దగ్గర ఉన్నాయి. ఇంకా పడుతుందని చాలామంది గట్టిగా నమ్మారు, దాని మీద పందాలు కాసిన పెద్ద పెద్ద ఫండ్లున్నాయి. జులై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ తన వడ్డీ రేటుని 0.25 శాతానికి పెంచింది. ఆగస్టు 5 నాటికి డాలర్ 142 యెన్ల దాకా దిగింది, 100 యెన్లు 58 రూపాయలు దాటాయి, ఆ ఒక్క రోజే జపాన్ షేర్ల సూచీ నిక్కీ 12 శాతానికి పైగా పడింది. ఆ నెలంతా మన రూపాయి డాలర్‌తో 83, 84 దగ్గరే ఉంది, కదలనే లేదు. కాబట్టి మన రూపాయి వార్తలు చూసి యెన్ గురించి ఏమీ తెలుసుకోలేం. మధ్యలో డాలర్ ఉంటుంది, అటువైపు జపాన్ వడ్డీ రేట్లుంటాయి, ఆ రెండూ ఎటు పోతాయో నాకూ తెలియదు, మీకు చెప్పినవాళ్లకీ తెలియదు. నెలరోజుల్లో వచ్చిన ఈ తేడా మీ ఆంప్లిఫయర్ అసలు ధర మీద పది వేలు. ఆ పది వేలు ఎటైనా తిరగొచ్చని ముందే లెక్కలో వేసుకుని, మీ బడ్జెట్‌ని లక్షన్నర దగ్గర కాకుండా లక్షా అరవై ఐదు దగ్గర పెట్టుకోండి. రేటు గురించి మనం చేయగలిగింది అంతే.

కొనడం గురించి మీరు అడగని సంగతి ఒకటుంది, నాకు రేటు కంటే దాని మీదే ఎక్కువ భయం. సెకండ్ హ్యాండ్ సామాను దిగుమతి మీద మన విదేశీ వాణిజ్య విధానంలో ఆంక్షలున్నాయి. కొత్త వస్తువు వచ్చినంత తేలిగ్గా పాత ఆంప్లిఫయర్ పార్సెల్‌లో రాకపోవచ్చు, కస్టమ్స్ దగ్గర ఆగిపోతే అక్కడ ఉన్నన్ని రోజులూ ఛార్జీలు పడతాయి. డబ్బు కట్టకముందే ఒక కస్టమ్స్ బ్రోకర్‌తో మాట్లాడండి, ఆయనకిచ్చే ఫీజు దండగ కాదు. అమ్మేవాడు ఇన్‌వాయిస్ తగ్గించి రాస్తానంటే దయచేసి ఒప్పుకోవద్దు, పట్టుబడితే వస్తువే పోవచ్చు, దారిలో పగిలితే ఇన్సూరెన్సు కూడా ఆ రాసిన ధరకే వస్తుంది. పైగా జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టారంటే అంతే సంగతులు. దాని ఖర్చు పై లెక్కలో లేదు.

అందుకే మీ స్థానంలో ఉంటే నేను ముందు హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో ఇప్పటికే దిగుమతై ఉన్న పీసు కోసం చూస్తాను. రైలెక్కి వెళ్లి, మీ పాట పెట్టించుకుని విని, నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తుందో లేదో చూసుకుని రూపాయల్లో కొనొచ్చు. మారకపు రేటు అక్కడా ఉంటుంది, కాకపోతే అమ్మేవాడి ధరలో కలిసి ఉంటుంది. మన దగ్గర పాత సామాను ధర ఆయన ఎంతకి కొన్నాడన్న దాని మీద నడవదు, ఈరోజు కొత్తది షాపులో ఎంతుందన్న దాని మీద నడుస్తుంది. రూపాయి పడితే డీలర్ తర్వాతి షిప్‌మెంట్ నుంచి రేటు పెంచుతాడు, దాని వెనకే పాత సామాను రేటూ పెరుగుతుంది, కానీ దీనికి రెండు మూడు నెలలు పడుతుంది. రూపాయి బాగా పడిన కొత్తలో పాత స్టాకు, డెమో పీసులు ఇంకా పాత రేటుకే ఉంటాయి. తెలివిగా కొనేవాళ్లు అప్పుడే కొంటారు. ఏ దేశం పేరు ఉందో చూసి ఆ కరెన్సీని వెంటాడకండి కూడా. వార్ఫ్‌డేల్ అనే స్పీకర్ల కంపెనీ పేరు ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌ది, స్పీకర్లు చాలావరకు తయారయ్యేది చైనాలో. అలాంటి వాటికి పౌండు రేటు చూసి ప్రయోజనం తక్కువ, డీలర్ ఏ కరెన్సీలో బిల్లు కడుతున్నాడన్నదే లెక్క.

ఇక వాల్వుల సంగతి. వీటి గురించి చదివి సంతోషమేసింది, ఎందుకంటే ఆడియో సామానులో మనలాంటివాళ్లు విదేశాలకి పంపి నిజంగా నాలుగు రూపాయలు చూడగలిగేది తేలికైన వస్తువుల్లోనే. స్పీకర్లు పంపితే రవాణాకే సగం పోతుంది, వాల్వులు చిన్న పెట్టెలో వెళ్లిపోతాయి. ఒక్కొక్కటీ తీసి వెలుతురులో గాజు పైభాగం చూడండి. లోపల అద్దంలా వెండి పూత ఉండాలి. అది తెల్లగా పాలిపోయిందంటే లోపలికి గాలి చేరింది, ఆ వాల్వు పని అయిపోయినట్టే, పక్కన పెట్టేయండి. మిగతావాటిని టెస్టర్ ఉన్న పాత మెకానిక్ ఎవరిచేతైనా పరీక్ష చేయించి రీడింగులు రాయించండి. పరీక్షించిన వాల్వులకీ, ‘పనిచేస్తాయో లేదో తెలియదు’ అని అమ్మే వాల్వులకీ ధరలో ఉండే తేడా డాలర్ రేటు మీకు ఈ జన్మలో ఇవ్వదు.

500 డాలర్లంటే, డాలర్ 90 లెక్కన, 45,000. పేమెంట్ కంపెనీ ఫీజు, వాళ్లు డాలర్‌ని రూపాయల్లోకి మార్చే రేటులో తేడా కలిపి ఏడెనిమిది శాతం దాకా పోతుంది, 41 వేలు వస్తాయనుకోండి. డాలర్ వంద అయితే ఇంకో నాలుగున్నర వేలు ఎక్కువ వస్తాయి. ఎప్పుడు అవుతుంది? మిర్చి యార్డులో ధర లేదని టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టిన రైతుని గుంటూరులో మీరు రోజూ చూస్తుంటారు, అద్దె, వడ్డీ పోగా ఆ పెరిగిన ధర ఎంత మిగిలిందో వాళ్లని అడగండి. వాల్వులకి అద్దె లేదు నిజమే, కానీ ఈరోజు అడిగిన మనిషి రేపు ఉంటాడని లేదు. అమ్మేయండి. బేరం డాలర్లలోనే చెప్పండి, ఈ ధర వారం వరకే అని రాయండి. ఇంకో ముఖ్యమైన సంగతి, 800 డాలర్లలోపు పార్సెళ్లకి అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. అక్కడ పడే సుంకం ఎవరు కడతారో పంపకముందే మెయిల్‌లో ఒప్పించుకోండి, లేకపోతే ఆయన పార్సెల్ తీసుకోనంటే మీ వాల్వులు మళ్లీ సముద్రం దాటి రావాలి.

మీ స్నేహితుడి మాట. 2013 ఆగస్టులో రూపాయి గగ్గోలుగా పడి డాలర్ 68 దాటింది, 2022 అక్టోబరులో 83కి చేరింది. తొమ్మిదేళ్లలో 22 శాతం, అంటే ఏడాదికి రెండు శాతం పైచిలుకు. ఆ రోజుల్లో మామూలు ఎఫ్‌డీ పన్ను పోగా కూడా అంతకంటే ఎక్కువే ఇచ్చింది. యెన్ అయితే ఇంకా విచిత్రం, 2012లో 100 యెన్లు సగటున 66 రూపాయల పైనే ఉండేవి, 2024 జులైకి 52. అంటే మధ్యలో ఎక్కినా దిగినా, ఆ పన్నెండేళ్ల చివరికి యెన్ మన డబ్బులో చవకైంది. ఆంప్లిఫయర్‌లో కెపాసిటర్లు ఎండిపోతాయి, రిపేరు చేసేవాళ్లు తగ్గిపోతున్నారు, అవసరానికి నాలుగు రోజుల్లో అమ్ముడుపోదు. దాన్ని వినడానికి కొనుక్కోండి, సంతోషంగా కొనుక్కోండి. పొదుపు లెక్కలో మాత్రం రాయకండి.

కాబట్టి వరస ఇదీ. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా లేకపోతే ముందు అది. ఉంటే ఈ నెల నుంచే 8,000 ఆర్‌డీ, వాల్వుల డబ్బు కూడా దీనికోసమే పక్కన పెట్టుకోండి, అప్పుడు ఏడాది మీద రెండు మూడు నెలల్లో ఆంప్లిఫయర్ డబ్బు సిద్ధం. ఇప్పుడున్న ఆంప్లిఫయర్ ఏదైనా అమ్మాలనుకుంటే కొత్తది కొనే నెలలోనే అమ్మండి, రేటు ఎటు పోయినా అమ్మేదాని ధరా, కొనేదాని ధరా చాలావరకు కలిసే కదులుతాయి. ఇంట్లో వాడుకున్న ఆంప్లిఫయర్, స్పీకర్లు అమ్మితే అవి సొంత వాడకం వస్తువులు కాబట్టి మూలధన లాభం పన్ను రాదు. మామయ్య షాపులో మిగిలిన సరుకు సంగతి వేరు, దాన్ని రిటర్ను వేసే ముందు మీ ఆడిటర్‌కి చూపించండి. వరసగా కొని అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారమే, అప్పుడు ఆదాయం చూపాలి, విదేశాలకి పంపాలంటే ఐఈసీ నంబరూ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే కోడ్) తీసుకోవాలి. 500 డాలర్లు వచ్చాక బ్యాంకు నుంచి ఆ జమ తాలూకు కాగితం అడిగి తీసుకుని, పార్సెల్ రసీదుతో కలిపి ఒక ఫైల్లో పెట్టుకోండి.