పాత ఇంటికి ధర తెచ్చేది ముందుగోడా, పైకప్పా?

ప్రశ్న: హనుమకొండలో 200 గజాల స్థలంలో మా నాన్నగారు 1988లో కట్టించిన స్లాబు ఇల్లు ఉంది. పైన సిమెంటు రేకుల గది ఒకటి ఉంది. ఎండాకాలంలో రాత్రి పదకొండు దాటినా గదులు చల్లబడవు. వానాకాలంలో వంటింటి గోడకు చెమ్మ వస్తుంది. రెండేళ్లలో అమ్మడమో, అద్దెకివ్వడమో చేయాలనుకుంటున్నాము. ముందుభాగానికి టైల్స్ వేయిస్తే ధర పెరుగుతుందని మా అబ్బాయి అంటున్నాడు. ఉన్న లక్షన్నర దేనిమీద పెట్టమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: టైల్స్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రిజిస్ట్రేషన్ కార్యాలయం లెక్కకు స్థలం ఎన్ని గజాలు, కట్టడం ఎంత, ఏ రకం అన్నవే ఆధారం కాబట్టి, ఇల్లు చల్లగా ఉన్నందుకు అక్కడ ఒక్క రూపాయి కూడా పెరగదు. పెరిగేది బేరంలోనూ, అద్దెలోనూ. కొనేవారి వెంట వచ్చే మేస్త్రీ ముందుగా చూసేది గోడ అడుగునే. తాళంచెవితో గీసినప్పుడు ప్లాస్టరు పెచ్చుగా రాలిందంటే బేరం అక్కడినుంచి కిందికి దిగుతుంది. ముందుభాగంలో ఎంత ఖరీదైన టైల్స్ ఉన్నా దాన్ని ఆపలేవు.

అందువల్ల మొదటి ఖర్చు నీటిని ఆపడానికి పెట్టాలి. స్లాబు పైకెక్కి నాలుగు బకెట్ల నీళ్లు పోసి, అవి ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. పిట్టగోడ స్లాబును కలిసే మూలలోని పగుళ్లు, ఆకులతో పూడుకుపోయిన తూము, వంటింటి గోడలోని పాత పైపు, ఈ మూడింటిలో ఒకటి మీ చెమ్మకు కారణమయ్యే అవకాశం ఎక్కువ. తడి గోడకు బూజు పడుతుంది, ఆ బూజు గాలి ఉబ్బసం ఉన్నవారికి పడదు. కనుక ఇది ధరకు మాత్రమే కాదు, ఇంట్లో ఉండేవారి ఊపిరికి సంబంధించిన పని కూడా. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను లేకపోతే అదీ ఇప్పుడే పెట్టించండి.

పగుళ్లు పూడ్చి, స్లాబు పూర్తిగా ఆరిన తరువాతే తెల్లని కూల్ రూఫ్ పూత వేయించాలి. స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రంతా ఆ వేడిని గదుల్లోకి వదులుతుంది. పదకొండింటికి మీరు పడుతున్న ఉక్క అదే. తెల్లని పూత ఎండను తిప్పికొడుతుంది కనుక స్లాబు ఆ వేడిని పట్టుకోవడమే తగ్గుతుంది. పై అంతస్తు లేని గదుల్లో రెండు మూడు డిగ్రీల తేడా వచ్చినా నిద్రకు అది పెద్ద తేడాయే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రకారం 600 గజాలకు తక్కువైన స్థలాల్లోని ఇళ్లకు ఇది ఐచ్ఛికమే, అయినా మీ ఇంటికి నేను గట్టిగా సిఫారసు చేసేది ఇదే. ఏటా ఎండాకాలానికి ముందు దుమ్ము కడగకపోతే దాని గుణం తగ్గిపోతుందని మరవకండి.

పైగది సిమెంటు రేకుల విషయంలో తొందరపడవద్దు. ఆ కాలపు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు వాటితో భయం తక్కువ, కానీ కోసినా, డ్రిల్లు వేసినా, పగలగొట్టినా లేచే సన్నని నారదుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీయగలదు. తీయించవలసి వస్తే బాగా తడిపి, విరగకుండా రేకుకు రేకుగా దింపించండి. పాత తలుపులు, గ్రిల్స్ మీది ఎనామిల్ రంగులో సీసం ఉండవచ్చు. దాన్ని కూడా పొడిగా గీకించకుండా, తడిపి, పిల్లలను దూరంగా ఉంచి గీకించండి.

అద్దెకివ్వాలనుకుంటే ఫ్యాన్లు మార్చండి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే తక్కువ కరెంటు తాగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట్లో నెలకు 65 యూనిట్ల దాకా మిగులుతాయి. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకానికి అర్హుడైన కిరాయిదారుకు ఆ 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు మీద పడుతుంది కాబట్టి, ఆ 65 యూనిట్ల విలువ అతనికి బాగా తెలుసు.

సోలార్ చివరి పని. ఇంటిపై సోలార్ పలకలకు కేంద్రం సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, కానీ కరెంటు మీటరు ఇంకా మీ నాన్నగారి పేరునే ఉంటే ముందుగా దాన్ని మీ పేరుకు మార్పించుకోండి. స్టాండు కోసం స్లాబుకు రంధ్రాలు వేస్తే, ఇంత ఖర్చు పెట్టి ఆపిన నీరు మళ్లీ అక్కడినుంచే దిగుతుంది; కాంక్రీటు దిమ్మెల మీద నిలిపే పద్ధతిని అడగండి.

ఈ పనుల రసీదులు, పనికి ముందూ తరువాతా వచ్చిన ఏప్రిల్, మే నెలల కరెంటు బిల్లులు ఒక ఫైలులో దాచండి. కొనేవారిని ఉదయం కాకుండా మధ్యాహ్నం మూడు గంటలకు రమ్మని, ఆ ఫైలు చేతికివ్వండి.

ప్రశ్న: పరకాలలో మాది డంగు సున్నంతో కట్టిన పెంకుటిల్లు. గోడలు పెచ్చులూడుతున్నాయి. సిమెంటు ప్లాస్టరింగ్ చేయించవచ్చునా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దండి. సున్నపు గోడ నేలనుంచి పీల్చిన తేమను తన ఒంటిగుండానే బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కి గోడలో ఇంకా పైకెక్కుతుంది, రెండు మూడు వానాకాలాల్లో సిమెంటు పొరే గోడను పట్టుకుని ఊడివస్తుంది. ఊడిన మేరకు మళ్లీ సున్నంతోనే పూయించి, పైన ఆయిల్ పెయింటు కాకుండా వెల్ల వేయించండి.