యారా వ్యాలీకి పోయే ముందు పైసల ముచ్చట తేల్చుకో తమ్మీ

"అన్నా, మాది హన్మకొండ, మెల్‌బోర్న్ వచ్చి ఎనిమిది నెలలైంది, ఈస్టర్ సెలవులకి ఆరుగురం కలిసి యారా వ్యాలీ వైన్ తోటలు, సముద్రం పక్క గ్రేట్ ఓషన్ రోడ్ తిరుగుదామని అనుకుంటున్నాం, వైన్ గురించి ఏమీ తెల్వదు, నవ్వులపాలైతమేమోనని టెన్షన్, జూన్‌లో అమ్మానాన్న కూడా వస్తున్నరు" అని రాశావు. గ్లాసు ఎట్లా పట్టుకోవాలి, ఏ రంగు ముందు తాగాలి, తాగకపోతే ఏమనుకుంటారు అని వరసపెట్టి అడిగావు. అన్నీ అడిగావు గానీ బిల్లు ఎవరు కడతారని మాత్రం అడగలేదు. అక్కడే తెలిసిపోయింది నాకు, నువ్వింకా కొత్తవాడివని. గ్లాసు ఎట్లా పట్టుకున్నా ఏం కాదు తమ్మీ, కింద పడేయకుంటే చాలు.

వైన్ తెలియదని సిగ్గుపడకు. మన దగ్గర వైన్స్ అంటే వైన్ తప్ప మిగతావన్నీ దొరికే షాపు. 2010 ఫిబ్రవరిలో ఇక్కడ దిగేనాటికి నేనూ దాన్ని కళ్ళతో చూడలేదు. మాది నర్సంపేట పక్క ఊరు. దావత్ అంటే తాటిచెట్ల కింద కూర్చుని, ఆకు మడిచి పట్టుకుంటే గౌడన్న లొట్టి వంచి పోయడం, పక్కన బోటి కూర. ఆ దావత్‌లకి పైసలు ఎవరిచ్చేవారో నాకు ఎన్నడూ తెలియదు. ఒకనాడు మామ, ఇంకోనాడు బాపు, అట్లా నడిచిపోయేది. పండగకి నలుగురు కలిసి యాటను కోసుకుంటే మాత్రం లెక్క వేరు. పోగులు పెట్టేవాళ్ళు, తలా ఒక పోగు, బొక్కతో సహా సమంగా పడాలి, అణా పైసలతో అక్కడికక్కడే తేలాలి. ఇక్కడికి రావాల్సింది ఈ రెండో లెక్క పట్టుకుని. నేను మొదటిది పట్టుకుని వచ్చాను.

వచ్చిన నాలుగో నెలలో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో గిన్నెలు కడిగే పని దొరికింది. శుక్రవారం షిఫ్ట్ అయ్యాక అయిదుగురం పబ్‌కి పోయేవాళ్ళం. ఒకడు లేచి అందరికీ బీరు తెచ్చేవాడు, అది అయిపోగానే ఇంకొకడు లేచేవాడు. నేను హాయిగా కూర్చుని తాగాను. ఎంత మంచి మనుషులు, మన ఊరి దావత్ లెక్కనే ఉంది కదా అని లోపల మురిసిపోయాను కూడా. మూడు వారాలు అట్లాగే గడిచాయి. నాలుగో వారం నన్ను పిలవలేదు. తర్వాత ఒక నేపాలీ అబ్బాయి పక్కకి తీసుకుపోయి చెప్పాడు, దీన్ని 'షౌట్' అంటారు, ఒక్కొక్కరూ వంతుల వారీగా అందరికీ కొనాలి, నీ వంతు మూడు వారాల నుంచి బాకీ ఉంది అని. ఆ రోజు భూమి చీలితే దూరిపోదును. మరుసటి వారం నా అంతట నేనే పోయి, అయిదుగురికీ కొన్నాను, దాదాపు మూడు గంటల జీతం పోయింది. ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఏమిటంటే, కూర్చోగానే "నాది నేనే కొనుక్కుంటా" అని నవ్వుతూ చెప్పెయ్, ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి గ్లాసు తీసుకున్నావా, వంతులో పడ్డట్టే.

ఇంకో తప్పు చెప్తా, ఇది చెప్తే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. అదే ఏడాది డిసెంబర్‌లో మా సూపర్‌వైజర్ ఇంట్లో బార్బెక్యూ, తాగడానికి ఏదన్నా పట్టుకుని రమ్మన్నది. బాటిల్ షాపుకి పోయాను. ముప్పావు లీటరు సీసా పదిహేను డాలర్లు, పక్కనే నాలుగు లీటర్ల అట్టపెట్టె పన్నెండు డాలర్లు. మనం లెక్కల్లో దిట్ట కదా, అయిదు సీసాల పైచిలుకు వైన్, అదీ మూడు డాలర్లు తక్కువకి! పెట్టె భుజాన వేసుకుని రైల్లో పోయాను. ఆమె నవ్వుతూ తీసుకుని గ్యారేజ్‌లో పెట్టింది. సాయంత్రం దాకా దాని మూత తీసిన మనిషి లేడు. తిరిగి వచ్చేటప్పుడు "నీ వైన్ మిగిలిపోయింది" అని పెట్టెను మళ్ళీ నా భుజాన పెట్టి పంపింది. ఇక్కడ దాన్ని 'గూన్' అంటారట, పైసల్లేని కాలేజీ పిల్లలు తాగేదట. ఆ పెట్టె వైన్ కనిపెట్టింది ఆస్ట్రేలియా వాళ్ళే, 1965లో, అయినా సరే ఇంకొకరి ఇంటికి తీసుకుపోరు. ఒకరింటికి పోతే పదిహేను, ఇరవై డాలర్ల సీసా ఒక్కటి చాలు. అంతకంటే పెట్టకు, నీకేమన్నా పైసలు ఎక్కువయ్యాయా?

ఇక మీ ట్రిప్ సంగతి. 2011 ఈస్టర్‌కి మేమూ ఆరుగురమే. కారు, గ్రేట్ ఓషన్ రోడ్ మీది అపోలో బేలో ఒక రాత్రి మోటెల్, పెట్రోలు, తిండి, యారాలో వైన్ రుచి చూసే టేస్టింగులు, అక్కడ కొన్న సీసాలు, అన్నీ నా కొత్త క్రెడిట్ కార్డు మీద గీకాను. కార్డు ఉందన్న గర్వం, ఇంకేం లేదు. మొత్తం 1,062 డాలర్లు. మనిషికి 177. అందులో వైన్ ఖర్చే 240. మా ఆరుగురిలో కరీంనగర్ తమ్ముడొకడు చుక్క ముట్టడు, రెండు రోజులూ కారు నడిపింది కూడా అతనే. ఇంటికి వచ్చాక మెల్లగా అన్నాడు, "అన్నా, నా వాటాల నుంచి వైన్ నలభై తీసెయ్యరాదు." నేనేమన్నానో తెలుసా? "కలిసి పోయినప్పుడు కలిసే కట్టాలి, గింత దానికి లెక్కలేంది" అన్నాను. అతను మారు మాట్లాడలేదు. ఆ రాత్రే 177 డాలర్లు నా అకౌంట్లో వేశాడు. తర్వాత ఏ ట్రిప్‌కి పిలిచినా షిఫ్ట్ ఉందనేవాడు. నలభై డాలర్లకి ఒక మనిషిని పోగొట్టుకున్నా తమ్మీ. ఇంకా విను, మా అందరిలో ఎక్కువ తాగినవాడు ఆ 177 నాకు ఇంతవరకు ఇవ్వలేదు.

అందుకని బయలుదేరే ముందే కూర్చుని మాట్లాడుకోండి. కారు, పెట్రోలు, గది ఆరు పోగులు. వైన్, బీరు తాగేవాళ్ళ మధ్యనే. కారు నడిపేవాడు ఎట్లాగూ తాగడు కాబట్టి అతని మధ్యాహ్నం భోజనం ఖర్చు మిగతా వాళ్ళు పెట్టుకోండి, ఆ కరీంనగర్ తమ్ముడికి నేను చేయాల్సి ఉండి చేయనిది అదే. ఖర్చు అయిన క్షణమే ఫోన్‌లో స్ప్లిట్‌వైజ్ అనే వాటాల లెక్క యాప్‌లో ఎక్కించండి, రాత్రి పడుకునే ముందు పేఐడీలో, అంటే ఇక్కడి యూపీఐ లాంటిదాంట్లో, కొట్టించుకో. పొద్దున్నకి పోస్ట్‌పోన్ చేశావా, ఇక ఆ పైసల మీద ఆశ వదులుకో. అద్దె కారు తీసుకునేటప్పుడు ఎక్సెస్, అంటే దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ పోను నువ్వు కట్టాల్సింది, ఎంతో చదువు, చిన్న గీత పడ్డా ఆ మేరకు నీ జేబులోంచే పోతుంది. నాకు ఒకసారి పార్కింగ్‌లో బంపర్ రాసుకుని ఆరు వందలు పోయాయి, ఆ నెలంతా పప్పుచారే. పొద్దుగూకినాక ఊళ్ళు దాటి నడపొద్దు, కంగారూలు అడ్డం వస్తాయి. సెలవు రోజుల్లో కేఫ్‌ల బిల్లు మీద పది, పదిహేను శాతం సర్‌ఛార్జ్ వేస్తారు, మెనూ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. గుడ్‌ఫ్రైడే నాడు చాలా వైనరీలు మూసి ఉంటాయి, ఫోన్ చేసుకుని పో.

తాగి నడపడం గురించి ఎక్కువ చెప్పను. ఫుల్ లైసెన్స్ ఉన్నవాడికి రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం లోపే ఉండాలి, పీ ప్లేట్ (కొత్త లైసెన్స్) ఉంటే సున్నా, ఊదించి చూసే పోలీసుల బూజ్ బస్ ఏ మలుపులో ఆగి ఉంటుందో ఎవరికీ తెలియదు. మిగతా రూల్స్ ప్రభుత్వం సైట్లో ఉంటాయి, చదువుకో.

యారా వ్యాలీ సిటీ నుంచి తూర్పుకి గంట ప్రయాణం. ఈ విక్టోరియా రాష్ట్రంలో మొట్టమొదటి ద్రాక్షతోట 1838లో వేసింది అక్కడే, యేరింగ్‌లో. చల్లటి ప్రాంతం కాబట్టి పినో నువార్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష, షార్డొనే అనే తెల్ల వైన్ ద్రాక్ష బాగా వస్తాయి. ద్రాక్ష కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, కాబట్టి ఈస్టర్‌కి ఆకులు రంగు తిరిగి చూడముచ్చటగా ఉంటాయి. వైనరీలో రుచి చూపించే చోటుని 'సెల్లార్ డోర్' అంటారు. టేస్టింగ్‌కి మనిషికి పది పదిహేను డాలర్ల నుంచి మొదలు, సీసా కొంటే చాలా చోట్ల ఆ రుసుము తీసేస్తారు. ఇద్దరికి ఒక టేస్టింగ్ పంచుకుంటామంటే కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, అడగడానికి మొహమాటపడకు. ఒక్క రోజులో మూడు వైనరీలు చాలు. తెల్లది ముందు, ఎర్రది తర్వాత, తీపిది ఆఖర్న, అంతే, ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. గ్లాసు తిప్పి వాసన చూసి "నిమ్మ, పీచ్, పొగ" అని చెప్పేవాళ్ళని చూసి భయపడకు, సగం మంది అక్కడ పెట్టిన కాగితం చూసి చదివేవాళ్ళే.

కౌంటర్ మీద ఒక బకెట్ ఉంటుంది. నోట్లో తిప్పి అందులో ఉమ్మేయొచ్చు, గ్లాసులో మిగిలింది పారబోయొచ్చు. 2016లో అమ్మానాన్నలని తీసుకుపోయినప్పుడు పక్కనున్నాయన ఉమ్మేస్తుంటే మా బాపు నోరు తెరిచి చూశాడు. "పైసలు వెట్టి కొని ఉమ్ముడేందిరా?" అన్నాడు గట్టిగానే. నాకు నవ్వొచ్చింది గానీ, నిజం చెప్పాలంటే నాదీ అదే ప్రశ్న, మొదటిసారి పోయినప్పుడు పైసలు దండగ అని ఒక్క చుక్క వదలకుండా మింగి, రెండో వైనరీకే గోడ పట్టుకుని నిలబడ్డాను. బాపుకి ఎర్ర వైన్ వగరు నచ్చలేదు. చివర్లో మస్కాటో అనే వైన్ పోశారు, అయిదారు శాతమే ఆల్కహాల్, తీపి, సన్నటి నురగ. ఒక గుటక వేసి ఆగాడు. "పొద్దటి తాటికల్లు లెక్కనే ఉన్నదిరా" అన్నాడు. ఇంకో గ్లాసు అడిగాడు. ఆ సీసా ఇరవై రెండు డాలర్లు, రెండు కొన్నాను, ఆ కొన్నదానికి మాత్రం నేను రూపాయల్లోకి లెక్క కట్టలేదు.

కానీ అదే చోట చీజ్ ప్లాటర్‌కి 38 డాలర్లు కట్టాను చూడు, ఇప్పటికీ కడుపు మండుతుంది. నాలుగు జున్ను ముక్కలు, గుప్పెడు ద్రాక్షపండ్లు, బిస్కెట్లు. అమ్మ వాటిని వాసన చూసి పక్కకి జరిపి, సంచిలోంచి సర్వపిండి తీసింది. అక్కడ బయటి తిండి పెట్టనివ్వరు, ఒక అమ్మాయి వచ్చి మర్యాదగా చెప్పింది. పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి అక్కడే తిన్నాం, బాగానే ఉంది. మీ వాళ్ళు వస్తే నువ్వు ముందే ఆ పని చెయ్. సర్వపిండి, పులిహోర కట్టుకుని దారిలో ఏదో ఒక పార్కులో ఆగు. ఇక్కడ చాలా పార్కుల్లో కరెంటు బార్బెక్యూలు ఉంటాయి, బటన్ నొక్కితే వేడెక్కుతాయి, పైసా కట్టక్కర్లేదు. ఇంటి దగ్గర చికెన్‌కి అల్లం వెల్లుల్లి, కారం పట్టించి ఎస్కీలో (ఐస్ డబ్బాలో) ఐస్ వేసి పెట్టుకుంటే ఆరుగురి భోజనం నలభై డాలర్లలో తేలిపోతుంది. అయ్యాక తుడిచి రావాలి, మరిచిపోకు.

ఆ చికెన్‌తో ఏ వైన్ అంటావా? షిరాజ్ అనే ఘాటు ఎర్ర వైన్ మాత్రం వద్దు. నేను నాటుకోడి పులుసుతో తాగి చూశాను, నోరు రెండింతలు మండింది. ఆల్కహాల్, ఆ వగరు కలిసి కారాన్ని ఇంకా పెంచుతాయి. కొంచెం తీపి ఉన్న రీస్లింగ్ అనే తెల్ల వైన్ గానీ, కింగ్ వ్యాలీ ప్రొసెక్కో అనే నురగ వైన్ గానీ తీసుకో, లేకుంటే బీరు. రెస్టారెంట్‌కి పోతే బీవైఓ ఉందా అని అడుగు, ఉంటే మన సీసా మనమే పట్టుకుపోవచ్చు, మనిషికి కొంత కార్కేజ్, అంటే సొంత సీసా తెచ్చినందుకు రుసుము, వేస్తారు. మెనూలో అరవై డాలర్లు ఉన్న వైన్ బయట పాతికకి దొరికితే లెక్క నీకే తెలుస్తుంది.

గ్రేట్ ఓషన్ రోడ్‌ని ఒక్క రోజులో చుట్టి రావాలని చూడొద్దు, పెద్దవాళ్ళతో అసలే వద్దు. మొత్తం 240 కిలోమీటర్ల పైన, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా వేసిన రోడ్డు, కొండా సముద్రం మధ్యన అన్నీ మలుపులే, మా అమ్మకి లోర్న్ అనే ఊరు దాటకముందే కడుపులో తిప్పింది. మధ్యలో ఒక రాత్రి ఆగు. జూన్ అంటే ఇక్కడ చలికాలం, గాలికి చెవులు పోతాయి, మంకీ క్యాపు తెచ్చుకోమను, కానీ అది సీజన్ కాదు కాబట్టి గదులు చవక, ఈస్టర్ రేటులో సగానికి దొరికిన రోజులున్నాయి నాకు. సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు, ట్వెల్వ్ అపోసల్స్ దగ్గర మా బాపు వేలు పెట్టి లెక్కపెట్టాడు. "పన్నెండు అన్నవ్, ఎనిమిదే ఉన్నయ్?" అని నిలదీశాడు, నేనేదో మోసం చేసి తీసుకొచ్చినట్టు. 2005లో ఒకటి కూలిపోయిందని, అసలు పన్నెండు ఎప్పుడూ లేవని చెప్పినా వినడే. "వేయిస్తంభాల గుడి కాడ ఎన్నడన్న లెక్కవెట్టినవా బాపూ?" అన్నాక గానీ ఊరుకోలేదు. అక్కడ చూడ్డానికి టికెట్ ఉండేది కాదు, ఆయనకి అన్నిటికంటే అదే బాగా నచ్చింది.

మీ అమ్మకి ఒక మాట చెప్పు, మటన్ పచ్చడి తేవద్దని. సకినాలు తెస్తే విమానం దిగేటప్పుడు నింపే కార్డులో తిండి ఉందని టిక్ పెట్టాలి, మా అమ్మ పెట్టింది, విప్పి చూసి ఇచ్చేశారు. మందు మనిషికి రెండుంపావు లీటర్ల దాకా పన్ను లేకుండా రానిస్తారు గానీ వాళ్ళతో ఎందుకు మోయిస్తావు.

నా 177 డాలర్లు ఇవ్వని ఆ ఎక్కువ తాగినవాడు ఇప్పుడు పెర్త్‌లో ఉన్నాడు. మొన్న వాళ్ళ పాప ఇరవై ఒకటో రోజు ఫంక్షన్ ఫోటోలు పెట్టాడు, పెద్ద హాలు, వెండి గిన్నెలు రిటర్న్ గిఫ్ట్‌లు. లైక్ కొట్టాను. ఫోటో పెద్దది చేసి గిన్నెలెన్నో లెక్కపెట్టాను కూడా.